కనిపించే పళ్లు, కనిపించని పళ్లు

ఊడిన పళ్ల చోట ఏం పెట్టించుకోవాలి? తెనాలిలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి నోటితో మొదలైన ఈ ప్రశ్నకు జవాబు ఆయన నోట్లో మాత్రమే దొరకలేదు

నాలుక కొనను పై పళ్ల వెనక ఆనించాలి. అప్పుడు పలకాలి: త, థ, ద, ధ, న. తెనాలిలో ఆ తెలుగు మాస్టారు ముప్పై నాలుగేళ్లపాటు ఏటా జూన్‌లో ఆరో తరగతి పిల్లలకు చెప్పిన పాఠమిది. పళ్ల సాయంతో పలుకుతాయి కనుక ఇవి దంత్యాలని, ల, స కూడా వాటి చుట్టాలేనని చెప్పేవారు. పై పళ్లు కింది పెదవిని తాకితేనే వ సరిగ్గా వస్తుందని పెదవి మీద వేలు పెట్టి చూపించేవారు. చీమలో చ వేరు, చాపలో చ వేరు, రెండోదానికి పళ్లు కావాలి అని చెప్పి నలభై మందిచేత ఒకేసారి పలికించేవారు. పాలపళ్లు ఊడి తొర్రితో ఉన్న పిల్లాడెవడైనా తడబడితే మిగిలినవాళ్లు నవ్వేవారు. వాళ్లను కోప్పడి, "వాడికి మళ్లీ వస్తాయిరా" అనేవారు మాస్టారు.

రిటైరైన పదకొండేళ్లకు, శ్రావణమాసంలో ఒక ఉదయం, జామకాయ కొరుకుతుంటే ఆయన పై పన్ను ఒకటి కాయలోనే ఉండిపోయింది. నొప్పి లేదు. నెత్తురు కూడా పెద్దగా రాలేదు. అరచేతిలో పెట్టుకుని చూస్తే పన్ను చెక్కుచెదరలేదు. ఒక్క పుచ్చు లేదు. ఆయన్ను భయపెట్టింది అదే. ఇక మళ్లీ రావు.

పన్ను పుచ్చితేనే పోతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మొక్క ఎంత గట్టిదైనా కింద మట్టి కొట్టుకుపోతే నిలబడదు. పంటికీ అంతే. గార పేరుకుని, చిగురు వాచి, ఏళ్ల తరబడి నెమ్మదిగా పంటి చుట్టూ ఉన్న ఎముక కరుగుతుంది. పెద్దగా నొప్పి ఉండదు కనుక ఎవరూ పట్టించుకోరు. బ్రష్ చేస్తుంటే కాస్త నెత్తురు కనిపిస్తే చిగుళ్ల వేడి అని సరిపెట్టుకుంటారు. దీనికి మధుమేహం తోడైతే నష్టం రెట్టిస్తుంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు పాడవుతాయి. చిగుళ్లు పాడైతే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. మాస్టారికి షుగర్ వచ్చి పదిహేనేళ్లు. కాళ్లు చూపించుకున్నారు, కళ్లు చూపించుకున్నారు. నోరు మాత్రం ఎవరికీ చూపించుకోలేదు.

పక్కనున్న మూడు పళ్లూ అప్పటికే వేలితో కదిపితే ఊగుతున్నాయి. పక్షం రోజుల్లో అవీ తీయించేయక తప్పలేదు. పై వరుసలో కోరపళ్ల మధ్య నాలుగు పళ్ల ఖాళీ మిగిలింది.

అక్కడినుంచి మాస్టారు మారిపోయారు. ఆదివారం సాయంత్రాలు రామాలయంలో చదివే భాగవతానికి గొంతు నొప్పి అని సెలవు పెట్టారు. 2020లో కరోనాకు కొని బీరువాలో పడేసిన మాస్కులు బయటికి తీశారు. కూరగాయల బజారుకు మాస్కుతోనే వెళ్లేవారు. ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్లు "ఏంటి మాస్టారూ?" అని రెండోసారి అడుగుతున్నారని ఫోన్లు ఎత్తడం తగ్గించారు. అలాంటి సమయంలోనే 1993లో పదో తరగతి చదివినవాళ్లు కబురు పెట్టారు. సంక్రాంతికి పాత విద్యార్థులంతా కలుస్తున్నారట. మాస్టారు మాట్లాడాలట. "మీరు దంత్యాలు పలికించినట్టు ఒకసారి మళ్లీ పలికించాలి సార్" అని ఒకడు సరదాగా అన్నాడు. వాడికి సంగతి తెలియదు. ఆయన సరేననలేదు, కాదనలేదు.

డాలస్‌లో ఉన్న కొడుకు వీడియోలో తండ్రి ముఖం చూసి ఒక్క నిమిషంలో తేల్చేశాడు. "నాన్నా, ఇంప్లాంట్లు పెట్టించేయండి. డబ్బు నేను పంపిస్తాను. ఆ తీసి పెట్టుకునే పళ్లు వద్దు, అవి పాతకాలంవి." హైదరాబాద్‌లో ఉన్న కూతురు బ్రిడ్జి అంది. తన స్నేహితురాలి అత్తగారికి అలాగే పెట్టారట, అసలు తేడాయే తెలియదట. వీధి చివరి మందుల షాపతను ఇంకో దారి చెప్పాడు. అతనికి తెలిసినవాడు ఒకడున్నాడు, గంటలో పళ్లు అతికించి పంపేస్తాడు, వెయ్యి రూపాయలు కూడా అవదు.

ఈ మూడో సలహా విన్నప్పుడు మాస్టారికి వాళ్ల నాన్న గుర్తొచ్చాడు. బస్టాండు దగ్గర గుడ్డ పరిచి, అద్దాల పెట్టెలో పళ్లు పేర్చుకుని కూర్చునేవాడి దగ్గర ఆయన రెండు పళ్లు పెట్టించుకున్నాడు. అలాంటివాళ్లు అక్కడికక్కడే పొడి, ద్రవం కలిపి, ఆ ముద్దతో కొత్త పన్నును పక్క పళ్లకు అంటించేస్తారు. అది తీయడానికి రాదు, కింద కడగడానికి రాదు. ముద్ద కింద తిండి చేరి, చిగురు కుళ్లి, ఏడాది తిరిగేసరికి ఆ రెండింటితోపాటు వాటిని మోసిన మంచి పళ్లు కూడా పోతాయి. నాన్నకు అదే జరిగింది. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. పెట్టించుకోవడానికి మాత్రం ఏ చెయ్యి పడితే ఆ చెయ్యి పనికిరాదు.

మాస్టారు భార్యను వెంటబెట్టుకుని గంటన్నర బస్సు ప్రయాణం చేసి ఒక డెంటల్ కాలేజీకి వెళ్లారు. పళ్లు కట్టే విభాగంలో పీజీ చేస్తున్న అమ్మాయికి ఇరవై ఏడేళ్లుంటాయి. ఎక్స్‌రేలు తీయించింది, ఒక్కో పంటినీ కదిపి చూసింది. చిగురు లోతును సన్నటి కొలబద్దతో కొలిచి అంకెలు రాసుకుంది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష కాగితంలో 9 చూసి పెదవి విరిచింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"సార్, ఊడిన పళ్ల గురించి తర్వాత మాట్లాడదాం. ముందు ఉన్న పళ్ల గురించి చెబుతాను" అంది.

ఇంతవరకూ ఎవరూ ఆయనకు ఆ వైపునుంచి చెప్పలేదు. కొడుకు, కూతురు, షాపతను అందరూ ఖాళీ గురించే మాట్లాడారు. ఖాళీలో ఏం పెట్టినా దాని బరువు మోయాల్సింది మిగిలినవే.

ఆమె కాగితం మీద బొమ్మలు గీసి మూడు దారులూ చెప్పింది. మొదటిది బ్రిడ్జి. ఖాళీకి రెండువైపులా ఉన్న పళ్లను చుట్టూ అరగదీసి, వాటిమీద తొడుగులు వేసి, మధ్యలో కొత్త పళ్లు వేలాడదీస్తారు. తీసి పెట్టుకునే పని ఉండదు. కానీ అరగదీసిన పన్ను మళ్లీ ఎప్పటికీ మొదటి పన్ను కాదు. పైగా నాలుగు పళ్ల బరువు రెండు కోరపళ్ల మీద పడుతుంది. మాస్టారి కోరపళ్ల చుట్టూ ఎముక ఇప్పటికే మూడోవంతు తగ్గింది. "ఇద్దరు మోసే పల్లకీని ఒక్కరిచేత మోయించడమే అవుతుంది సార్. కొన్నాళ్లు మోస్తాయి. తర్వాత ఆ కోరపళ్లు కూడా పోతాయి."

రెండోది ఇంప్లాంట్. దవడ ఎముకలో టైటానియం మరను బిగించి దానిమీద పన్ను కడతారు. టైటానియం ఎముకతో కలిసిపోతుందన్న సంగతి స్వీడన్ శాస్త్రవేత్త బ్రానెమార్క్‌కు 1952లో కుందేళ్ల మీద మరో పరిశోధన చేస్తుండగా తెలిసింది. ఎముకలో పెట్టిన టైటానియం పరికరాన్ని తీయబోతే ఊడిరాలేదు. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో అమర్చారు. అరవై ఏళ్లలో ఇది పళ్ల వైద్యాన్ని మార్చేసింది. పక్క పళ్లను ముట్టుకోనక్కరలేదు, కొరికితే సొంత పళ్లలా ఉంటాయి. కుదిరినవారికి ఇది చాలా మంచి దారి. కానీ మరను పట్టి ఉంచడానికి ఎముక కావాలి. మాస్టారికి అక్కడ ఎముక పలచబడింది, ముందు ఎముక పొడి వేసి కట్టాలి. అది గట్టిపడటానికి నెలలు, ఆ తర్వాత మర కుదురుకోవడానికి మళ్లీ నెలలు. షుగర్ 9 మీద ఉండగా ఎవరూ కత్తి పట్టరు. ఖర్చు అన్నీ కలిపి లక్ష దాటుతుంది.

మూడోది తీసి పెట్టుకునే పాక్షిక పళ్లు. దీనిలోనూ రకాలున్నాయి. గులాబీ రంగు అక్రిలిక్ పలకకు పళ్లు అతికించి, తీగ కొక్కేలతో నిలబెట్టేది చవక. ఇది చాలావరకు చిగురు మీదే కూర్చుంటుంది కనుక ఎక్కువకాలానికి మంచిది కాదు, కొన్ని నెలలు నెట్టుకురావడానికి సరిపోతుంది. నైలాన్‌లాంటి పదార్థంతో చేసిన వంగే రకంలో లోహం కనిపించదు, మెత్తగా ఉంటుంది. కానీ అది కూడా బరువును చిగురు మీదే మోపుతుంది, విరిగితే బాగుచేయడం కష్టం. కోబాల్ట్ క్రోమియం లోహాన్ని పోతపోసి చేసే మూడో రకం సన్నగా, గట్టిగా ఉంటుంది. దానికి ఆసరాగా వెనక పళ్ల మీద ఆవగింజంత గుంటలు చేస్తారు. లోహపు కాళ్లు వాటిలో కూర్చుంటాయి. నమలినప్పుడు పడే బరువు చిగురు మీద కాక గట్టి దవడ పళ్ల మీదికి, అంగిలి మీదికి పంచుకుపోతుంది.

"ఇందులో లోపాలేంటమ్మా?" అని అడిగారు మాస్టారు. ఆమె దాచలేదు. అంగిలి మీద పలక ఉంటుంది కనుక కాఫీ వేడి తెలియదు, మొదట్లో గొంతు కాలుతుంది. నవ్వితే ఎక్కడో ఒక కొక్కెం మెరవొచ్చు. రోజూ రాత్రి తీయాలి, కడగాలి, నీళ్లలో పెట్టాలి. శుభ్రం చేయకపోతే కొక్కేలు పట్టుకున్న పళ్లే ముందు పుచ్చుతాయి. అయిదారేళ్లకోసారి సరిచేయించుకోవాలి, ఎప్పుడో ఒకప్పుడు కొత్తది చేయించుకోవాలి. "అయితే ఒక్క సుగుణం ఉంది సార్. ఇది వేసుకున్నందువల్ల వేరే దారి మూసుకుపోదు. రెండేళ్ల తర్వాత మీ షుగర్ అదుపులో ఉండి, ఇంప్లాంట్ కావాలనిపిస్తే అప్పుడు పెట్టించుకోవచ్చు. అరగదీసిన పళ్లు మాత్రం వెనక్కి రావు."

పళ్లు పోవడం మనిషికి కొత్త కాదు, దాన్ని దాచుకోవడమూ కొత్త కాదు. 1789లో అమెరికా తొలి అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన నాటికి జార్జ్ వాషింగ్టన్ నోట్లో మిగిలింది ఒకే ఒక్క సొంత పన్ను. ఆయన కట్టుడు పళ్లు చెక్కవని చెప్పుకుంటారు గానీ, నిజానికి నీటిగుర్రం దంతం, లోహం, మనుషుల పళ్లు కలిపి చేసినవి. వాటిని నోట్లో పెట్టుకోవడమే ఒక శిక్ష. పంతొమ్మిదో శతాబ్దంలో గట్టిపరచిన రబ్బరు, 1930ల తర్వాత అక్రిలిక్ వచ్చాకే మామూలు మనిషికి కట్టుడు పళ్లు అందాయి. మన దేశంలో పళ్ల వైద్యం నేర్పడానికి డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ కలకత్తాలో 1920లో కాలేజీ పెట్టారు. పళ్ల వైద్యులకు చట్టం 1948లో వచ్చింది. ఇన్ని వచ్చినా పళ్లు లేని నోటిని నిస్సంకోచంగా నలుగురి ముందు తెరిచినవాళ్లు అరుదు. బోసినవ్వు అనగానే తెలుగువాళ్లకు గాంధీ ఒక్కరే గుర్తొస్తారు. ఆయనకు చెల్లింది. తెనాలి మాస్టారికి ఆ ధైర్యం లేదు.

మాట్లాడటం పూర్తయ్యాక డాక్టరమ్మ కాగితాలు సర్దుకుంటూ, పక్కన స్టూలు మీద కూర్చున్న ఆవిడ వైపు చూసింది. "అమ్మా, మీరూ ఒకసారి కుర్చీలో కూర్చోండి. వచ్చారు కదా, చూస్తాను."

"నాకేం లేదమ్మా, నా పళ్లు బాగానే ఉన్నాయి" అంటూనే ఆవిడ కూర్చుంది. నవ్వితే కనిపించేంతవరకు నిజంగానే బాగున్నాయి. డాక్టరమ్మ అద్దం లోపలికి పెట్టింది. కింది వరుసలో రెండువైపులా దవడ పళ్లు ఒక్కటీ లేవు. ఎదురు పన్ను లేక పై దవడ పళ్లు కొన్ని ఖాళీలోకి దిగి ఉన్నాయి.

"ఎన్నాళ్లయిందమ్మా?"

ఆవిడ లెక్కపెట్టింది. మొదటిది చిన్నపిల్ల పుట్టిన మరుసటేడు. నొప్పి వస్తే లవంగం పెట్టుకునేది, తగ్గకపోతే పీకించుకునేది. ఒక్కోటి పీకించినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒక ఖర్చు ఉండేది. ఫీజు, పెళ్లి, ఇంటి లోను. ఆఖరుది పోయి పన్నెండేళ్లు. "లోపలివి కదమ్మా, ఎవరికి కనిపిస్తాయి?"

పన్నెండేళ్లు. మాస్టారు ఆ అంకె దగ్గర ఆగిపోయారు. ఆవిడ శనగలు ముట్టదు, తనకు పడవంటుంది. జంతికలు ఇష్టం లేవంటుంది. చపాతీ చేసిన రోజున తను పెరుగన్నం తింటుంది. మటన్ ముక్కలు ఆయన విస్తట్లో వేసి పులుసు కలుపుకుంటుంది. అందరూ లేచాక ఒక్కతే కూర్చుని ముందు పళ్లతో చిన్నగా, చాలాసేపు తింటుంది. పొట్ట ఉబ్బరమని మాత్రలు వేసుకుంటుంది. ఇవన్నీ ఆయన రోజూ చూసినవే. ఆవిడ అలవాట్లు అనుకున్నారు. ఒక్కటీ అలవాటు కాదు. ఆయన నాలుగు పళ్లు పోతే మూడు ఊళ్లలో ఫోన్లు మోగాయి. ఆవిడ దవడ పళ్లు ఆ ఇంట్లోనే ఒక్కోటీ పోయాయి, భోజనాల దగ్గర ఎవరూ అడగలేదు.

పళ్ల ఖాళీలను నాలుగు తరగతులుగా విడదీసే పద్ధతిని అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ కెనెడీ 1925లో చెప్పాడు. ఇప్పటికీ కాలేజీల్లో అదే నేర్పుతారు. ముందు పళ్లు పోయిన మాస్టారిది నాలుగో తరగతి. రెండువైపులా చివరి పళ్లు పోయిన ఆవిడది మొదటి తరగతి. "మిమ్మల్నే ముందు చూసి ఉండాల్సింది" అంది డాక్టరమ్మ నవ్వుతూ. వెనక ఆసరాకు పన్ను లేదు కనుక ఆవిడకు మామూలు బ్రిడ్జి కుదరదు. కింది దవడలో నరం దగ్గరగా ఉంది, ఎముక అరిగింది, ఇంప్లాంట్ అంటే జాగ్రత్తగా ఆలోచించాలి. పోత లోహంతో పాక్షిక పళ్లు చేయొచ్చు, కానీ వెనకభాగం చిగురు మీదే ఆనుతుంది కనుక కొంచెం కదులుతుంది, ఓపిక కావాలి.

ఆ రాత్రి మాస్టారు పాత హాజరు పుస్తకం ఒకటి తీసి గళ్లు కొట్టుకున్నారు. ఖర్చు, సమయం, కోత, పక్క పళ్ల సంగతి, రోజువారీ పని. కింద రెండు పేర్లు రాశారు. తనకు ఇంప్లాంట్లకయ్యే డబ్బులో నాలుగోవంతుతో ఇద్దరికీ పోత పళ్లు వస్తాయి. కొడుకుకు ఫోన్ చేసి చెబితే వాడు ఒప్పుకోలేదు. "అమ్మకు కూడా ఇంప్లాంట్లే పెట్టిద్దాం, డబ్బు సంగతి మీకెందుకు?" అన్నాడు. మాస్టారు చెప్పింది ఇది: "డబ్బు నీదైనా ఎముక మాదిరా. ముందు షుగర్ తగ్గనీ. ఇవి పెట్టుకున్నాక కూడా నువ్వన్నవి పెట్టించుకోవచ్చు. అవి పెట్టాక పాడైతే మాత్రం మిగిలేది తక్కువ." కొడుకు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మకు పళ్లు లేవని నాకెవరూ చెప్పలేదేంటి?" అని అడిగాడు. తనకే తెలియదని మాస్టారు చెప్పలేకపోయారు.

పని మొదలైంది పళ్లతో కాదు, చిగుళ్లతో. గార తీశారు, రెండు వారాలకోసారి పిలిచి చూశారు. మాస్టారు పొద్దున్నే నడక మొదలుపెట్టారు, మందులు మార్పించుకున్నారు. చిగుళ్లు మానేదాకా తాత్కాలికంగా అక్రిలిక్ పలక ఒకటి ఇచ్చారు. పడుకునేటప్పుడు తీసేయమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చిన్న పలకలు నిద్రలో గొంతులోకి జారిపోవచ్చు. మామూలు అక్రిలిక్ అయితే ఎక్స్‌రేలో కూడా సరిగ్గా కనిపించదు. ఆ మాట విన్నాక ఆయన ఒక్క రాత్రీ మరిచిపోలేదు.

చిగుళ్లు మానాక ఇద్దరికీ అచ్చులు తీశారు. సముద్రపు నాచునుంచి తీసిన పదార్థంతో చేసే పొడిని నీళ్లలో కలిపి ట్రేలో పెట్టి నోట్లో పెడితే మూడు నిమిషాల్లో గట్టిపడుతుంది. లోహపు చట్రం పోతపోసి తెచ్చి నోట్లో పెట్టి చూశారు. తర్వాత మైనంలో పళ్లు పేర్చి చూపించారు. రంగు ఎంచడానికి కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు, ట్యూబ్‌లైట్ వెలుతురులో పళ్ల రంగు తప్పుతుందట. తెల్లగా ఉన్నవి కావాలని మాస్టారు అడిగారు. "మిగతా పళ్లు కాఫీ తాగాయి సార్, ఇవి మాత్రం తాగనట్టు ఉంటే అందరికీ తెలిసిపోతుంది" అంది డాక్టరమ్మ. ఆవిడ దిగిన పై పళ్లను కొంచెం అరగదీసి సమం చేశారు. పుష్యమాసం రాకముందే రెండు సెట్లూ చేతికొచ్చాయి.

చేతికి రావడంతో కథ అయిపోలేదు. మొదటి రోజు నోరంతా ఎవరిదో వస్తువు ఉన్నట్టుంది. లాలాజలం ఊరిపోయింది. మాస్టారు స అంటే ఈల వచ్చింది. పలక మందం రెండుసార్లు సరిచేశారు. మిగిలిన పని నాలుకదేనని, గట్టిగా చదవమని చెప్పారు. ఆయన మేడ మీద తలుపేసుకుని దినపత్రిక మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా, టెండర్ ప్రకటనలతో సహా, పైకి చదివారు. త, థ, ద, ధ, న. అరవై తొమ్మిదో ఏట ఆరో తరగతి పాఠం మళ్లీ మొదలైంది. పదిహేను రోజులకు ఈల పోయింది.

ఆవిడ "బాగానే ఉన్నాయి" అంది. అడిగిన ప్రతిసారీ అదే జవాబు. ఒకరోజు పోపుల డబ్బా వెనక, మూతపెట్టిన పెట్టెలో ఆవిడ పళ్లు మాస్టారి కంట పడ్డాయి. పది రోజులనుంచి పెట్టుకోవడం లేదు. ఎడమవైపు చిగురు ఒరుసుకుని పుండు పడింది. "ఇంత డబ్బు పోశారు, మళ్లీ ఏం చెప్పను? సర్దుకుంటుందిలే అనుకున్నాను." సర్దుకోవడం ఆవిడకు కొత్త కాదు. పన్నెండేళ్లూ చేసింది అదే.

కొత్త పళ్లు ఒరుసుకోవడం మామూలే. అలాంటప్పుడు ఇంట్లో ఆకురాయితో రుద్దకూడదు, పెట్టెలో పెట్టి మూయనూ కూడదు. వెళ్లేముందు ఒకరోజు పెట్టుకుంటే ఎక్కడ నొక్కుతోందో చిగురు మీద గుర్తు కనిపిస్తుంది, డాక్టర్ సరిగ్గా అక్కడే సరిచేస్తారు. మర్నాడే మాస్టారు ఆవిణ్ని బస్సెక్కించారు. అలా నాలుగుసార్లు వెళ్లారు. నాలుగోసారి వస్తూ ఆవిడ దారిలో ఇడ్లీ కాకుండా దోసె అడిగింది.

సంక్రాంతికి స్కూలు ఆవరణలో షామియానా వేశారు. మాస్టారు మాస్కు లేకుండా వెళ్లారు. నలభై ఏడు, నలభై ఎనిమిదేళ్ల మనుషులు నేలమీద వరసగా కూర్చుంటే ఆయన నాలుక కొనను పై పళ్ల వెనక ఆనించమన్నారు. గొంతులన్నీ కలిసి పలికాయి. ఇంతలో ముందు వరసలో ఒకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆయన చూశారు. వాడికీ పై పళ్లు రెండు లేవు. భోజనాల దగ్గర వాణ్ని పక్కకు పిలిచి, జేబులోంచి చీటీ తీసి కాలేజీ పేరు రాసిచ్చారు. "ఊడినవాటి గురించి కాదురా, ముందు ఉన్నవాటి గురించి అడుగు" అని చెప్పారు. తర్వాత ఇంకో మాట అడిగారు: "మీ ఆవిడ పళ్లెలా ఉన్నాయి?"

వాడికి తెలియదు.

ఇప్పుడు ఆ ఇంట్లో రాత్రి పదింటికి వాష్‌బేసిన్ దగ్గర ఇద్దరూ నిలబడతారు. కింద పడితే పగలకుండా బేసిన్‌లో తువ్వాలు పరుస్తారు. పేస్టు గీతలు పెడుతుంది కనుక సబ్బు, మెత్తటి బ్రష్షు. వేడి నీళ్లు వాడరు, అక్రిలిక్ వంగిపోతుంది. ముందు మిగిలిన సొంత పళ్లు తోముకోవడం, తర్వాత ఇవి కడిగి నీళ్ల డబ్బాల్లో వేయడం. ఎవరి డబ్బా ఏదో తెలియడానికి మాస్టారు మూతల మీద పేర్లు రాశారు. షుగర్ కాగితంలో అంకె 7.4కి దిగింది. ఇంప్లాంట్ సంగతి కొడుకు అప్పుడప్పుడు అడుగుతూనే ఉన్నాడు. చూద్దామంటారు.

ఉగాదికి ముందు ఆవిడ మనవళ్ల కోసం జంతికలు చేసింది. మొదటి వాయ తీసి పళ్లెంలో పోసి, ఒకటి విరిచి, చిన్న ముక్క దవడన పెట్టుకుంది. మాస్టారు పేపరు చదువుతూ ఆ చప్పుడు విన్నారు. ఆవిడ నెమ్మదిగా నమిలి, ఆగి, మళ్లీ ఒక ముక్క నోట్లో వేసుకుని ముఖం చిట్లించింది.

"వాము ఎక్కువైందండీ" అంది. "ఇన్నేళ్లూ ఇలాగే చేస్తున్నానా? మీరెవరూ చెప్పనేలేదు."